కరెంటు నంబరు నుంచి కంప్యూటరు గడి దాకా



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను కొంత తటపటాయించాను. రాజమండ్రిలో ఉంటూ చరిత్ర అంటే రాజరాజనరేంద్రుడు, నన్నయభట్టు, కాటన్ దొర, వీరేశలింగం గారు గుర్తుకు వస్తారు. వారి గురించి నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలోనే పదిమంది ఉన్నారు. నేను 1971లో ఎల్.డి.సి.గా చేరి 2007లో సీనియర్ అసిస్టెంటుగా దిగినవాణ్ణి. ఆ ముప్ఫయ్యారేళ్ళూ నేను చేసిన పని నిజానికి ఒక్కటే. జనం నోటితో చెప్పినదాన్ని, అర్జీలో రాసినదాన్ని పట్టికలో గళ్ళలోకి ఎక్కించడం. ఇవాళ ఆ పని మనిషి చెయ్యి పడకుండా జరిగిపోతున్నది. అందుచేత ఆ పని చరిత్రే రాస్తాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. అది కూడా దాచను.

మన డెల్టాకు పట్టికతో ఉన్న సంబంధం చాలా పాతది. ఆనకట్ట లేని రోజుల్లో ఊరి లెక్క ఏదైనా కరణం చేతి మీదుగానే కచేరీకి చేరేది. ఎవడు ఎంత దున్నాడు, ఎంత పండింది, ఎన్ని గడపలు ఉన్నాయి అన్నది ఊళ్ళో మాటగా పుట్టి, కరణం కవిలెలో అంకెగా మారి, తాలూకాలో మొత్తంగా కూడి, జిల్లా కచేరీలో ఒక వరుస అయ్యేది. నందన నామ సంవత్సరపు కరువు, 1839లో కోరంగి తీరాన్ని ముంచిన ఉప్పెన వచ్చిన కాలం అది. 1844లో సర్ హెన్రీ మౌంట్‌గోమరీ అప్పటి రాజమండ్రి జిల్లా దుస్థితి మీద ప్రభుత్వానికి నివేదిక పంపాడు. 1821లో 7,38,308 ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. ఇరవై ఏళ్ళలో లక్షా డెబ్బయ్యేడు వేల మంది తగ్గారు. కొందరు చచ్చారు, కొందరు వలస పోయారు. ఆ నివేదిక వెనుకనే కాటన్ దొర ఆనకట్ట ప్రతిపాదన వచ్చింది. 1847లో పని మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర విగ్రహానికి దండ వేసేటప్పుడు ఆ అంకెలు మోసిన పేరు తెలియని కరణాలకు కూడా ఒక పువ్వు పెట్టాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కరణం అంటే మనలో చాలామందికి మంచి అభిప్రాయం లేదు. దానికి కారణాలు ఉన్నాయి. కాదనను.

ఇక ఆఫీసు పద్ధతి సంగతి. మద్రాసు రాష్ట్రంలో టాటెన్‌హామ్ అనే ఐ.సి.ఎస్. దొర పేరు మీద ఒక కార్యాలయ పద్ధతి అమలులోకి వచ్చింది. జిల్లా ఆఫీసు మాన్యువల్ అని మనమందరం పరీక్ష కోసం బట్టీ పట్టిన పుస్తకం దాని మీద ఆధారపడినదే. మన పిల్లలకు ఇది తెలియదు కనుక కాస్త వివరంగా చెప్తాను.

పొద్దున్నే తపాలు విప్పుతారు. ప్రతి కాగితం మీద తేదీ ముద్ర పడుతుంది. డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కించి ఒక నంబరు ఇస్తారు. దానినే కరెంటు నంబరు అంటాం. ఇంట్లో వెలిగే కరెంటుకూ దీనికీ సంబంధం లేదు. ఆ నంబరుతో కాగితం సంబంధిత సీటుకు వెళ్తుంది. గుమాస్తా దాన్ని తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకుంటాడు. ఎవరి దగ్గర నుంచి వచ్చింది, విషయం ఏమిటి, ఎవరికి పంపాం, జవాబు ఎప్పుడు వచ్చింది, చివరికి ఏమైంది అన్న గళ్ళు ఆ రిజిస్టరులో ఉంటాయి. జవాబు రాకపోతే గుర్తు చెయ్యవలసిన తేదీ వేసుకుంటాం. ఇప్పట్లో తేలని వాటిని కాల్ బుక్కులో వేస్తాం. నెలాఖరుకు బాకీల జాబితా తీసి పై అధికారికి చూపించాలి. అది చూపించే రోజు చాలామందికి జ్వరం వచ్చేది.

ఈ పద్ధతిలో గొప్పతనం ఏమిటో నాకు ఉద్యోగంలో ఉండగా తెలియలేదు, దిగిన తరవాత తెలిసింది. ఇద్దరు సుబ్బారావులు ఒకే రోజు ఒకే విషయం మీద అర్జీ పెట్టినా నంబర్లు వేరు. పేరు మారినా, ఊరు మారినా, సీటులో గుమాస్తా మారినా నంబరు మారదు. రెండోది, వచ్చిన అర్జీ మీద మనం దిద్దుబాటు చెయ్యకూడదు. మన అభిప్రాయం నోట్ ఫైలులో రాయాలి, అర్జీ కరెంటు ఫైలులో వచ్చింది వచ్చినట్టే ఉండాలి. రేపు గొడవ వస్తే మూలానికి వెళ్ళి చూసుకోవచ్చు. ఈ రెండు సంగతులూ గుర్తు పెట్టుకోమని మనవి. వ్యాసం చివర మళ్ళీ వీటితో పని ఉన్నది.

1984 జనవరి 6న ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణాలను, మునసబులను తీసివేసింది. మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. తాలూకా రికార్డు మండలాలకు పంచిన రోజుల్లో ఎన్ని మూటలు ఏ అరుగు మీద వానకు తడిశాయో ఆ దుమ్ము పీల్చినవారికే తెలుసు. ఆ సర్దుబాటు పూర్తి కాకుండానే 1986 ఆగస్టు వచ్చింది.

ఆ వరద గురించి మన వయసువారికి చెప్పనక్కరలేదు. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు జనం మళ్ళీ 1986నే తలుచుకున్నారు. నేను అప్పుడు లంక గ్రామాలున్న ఒక మండలంలో పని చేస్తున్నాను. ఆఫీసు పేరు చెప్పను. గంట గంటకూ వైర్‌లెస్ మీద మట్టం చెప్పేవారు. నేను కాగితం మీద గీతలు గీసి ఒక గడిలో గంట, ఒక గడిలో అడుగులు, ఒక గడిలో పెరిగిందా తగ్గిందా అని రాసేవాణ్ణి. ఆ మూడో గడి నా సొంత తెలివి. అధికారి వచ్చి మిగతా రెండూ చూడకుండా ఆ గడి ఒక్కటే చూసి వెళ్ళిపోయేవారు.

వరద తీసింది. ఇళ్ళు పడిపోయినవారి జాబితాలు వచ్చాయి. ఊరూరా తిరిగిన సిబ్బంది రాసి తెచ్చిన కాగితాలు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తే ఒకరు వెనక రాశారు, ఒకరు అసలు రాయలేదు. అవన్నీ చూసి, కార్బను కాగితాలు పెట్టి, మండలానికి ఒక జాబితా తయారు చెయ్యడం నా వంతు. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రాత్రి ఒక లంక గ్రామం కాగితాల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఆడమనిషి రెండు చోట్ల కనపడింది. ఒకచోట భర్త పేరు ఉంది. రెండోచోట ఆ గడి ఖాళీ. ఒకే మనిషిని ఇద్దరు సిబ్బంది రెండుసార్లు రాశారని నేను అనుకున్నాను. అనుకుని, భర్త పేరు లేని వరుస కొట్టేశాను. డబ్బు రెండుసార్లు పోకుండా కాపాడానని ఆ పూట నాకు కొంచెం గర్వం కూడా కలిగింది.

మూడు వారాల తరవాత ఒక సోమవారం ఒకావిడ వచ్చింది.

"బాబుగారూ, జాబితాలో నా పేరు లేదన్నారండి."

నేను జాబితా తీసి చూపించి, "ఉందిగదమ్మా, ఇదిగో" అన్నాను.

"ఆయ్, ఆవిడ నా తోటికోడలండి. ఇద్దరి పేరూ ఒకటేనండి. ఆవిడది గట్టు మీద ఇల్లు. నాది లంకలోది. మా ఆయన పోయి నాలుగేళ్ళయిందండి."

భర్త గడి ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు తెలిసింది. ఆవిడ గొడవ పెట్టలేదు, తిట్టలేదు. ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. నేను లోపలికి వెళ్ళి మొదటి కాగితాలు వెతికాను. అదృష్టం కొద్దీ అవి పారేయలేదు. ఇంటి నంబర్లు వేరువేరుగా స్పష్టంగా ఉన్నాయి. నేను ఆ గడి చూడనే లేదు. అనుబంధ జాబితా రాసి, పైకి పంపి, మంజూరు వచ్చేసరికి నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజులూ ఆవిడ పిల్లలతో బడి వరండాలో ఉన్నది. నాకు మెమో ఇచ్చారు. ఇవ్వవలసిందే. దానికి నేను జవాబుగా పని ఒత్తిడి అని రాశాను. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

కంప్యూటర్ల రాక సంగతి త్వరగా చెప్పేస్తాను, అది అందరూ చూసినదే. మన కచేరీ గోడల అవతల ఏం జరిగిందో మాత్రం ఒక ముక్క చెప్పాలి. 1978లో అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూలులో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి పాఠం వింటున్నాడు. బోర్డు మీద పట్టికలో ఒక అంకె మారితే మాస్టారు దాని కింద గళ్ళన్నీ చెరిపి మళ్ళీ రాయవలసి వస్తున్నది. ఒకటి మారిస్తే మిగిలినవి వాటంతట అవే మారే పట్టిక ఉంటే బాగుండునని అతనికి తోచింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే మిత్రుడితో కలిసి 1979లో విజికాల్క్ తెచ్చాడు. తరవాత లోటస్, ఆ తరవాత 1985లో ఎక్సెల్. డిమాండు, వసూలు, బాకీ స్టేట్‌మెంటు చివర మొత్తం కలవక రాత్రి పదింటి దాకా కూర్చున్న ఏ జమాబందీ గుమాస్తా అయినా ఆ కుర్రవాడికి దణ్ణం పెడతాడు.

అయితే పట్టిక దానంతట అది కూడుకున్నా, అందులోకి మాట ఎక్కించే పని మనిషిదే. మన రాష్ట్రంలో 1998 నవంబరులో రిజిస్ట్రేషను ఆఫీసుల్లో కార్డ్ అనే కంప్యూటరు పద్ధతి పెద్ద ఎత్తున మొదలైంది. తరవాత 2002 ప్రాంతంలో పశ్చిమ గోదావరి జిల్లాలో మండల స్థాయిలో ఈ-సేవ కేంద్రాలు పెట్టి డ్వాక్రా మహిళా సంఘాలవారికి అప్పగించారు. నేను ఒకసారి పని మీద గోదావరి దాటి వెళ్ళి అటువంటి కేంద్రంలో గంటసేపు నిలబడి చూశాను. రైతు చెప్తున్నాడు, ఎదురుగా ఉన్న అమ్మాయి టైపు చేస్తున్నది, నంబరుతో రసీదు వస్తున్నది. తపాలు విప్పడం, తేదీ ముద్ర, డిస్ట్రిబ్యూషను, కరెంటు నంబరు, నాలుగు సీట్ల పని అక్కడే నిలువుకాళ్ళ మీద అయిపోయింది. నాకు సంతోషమూ కలిగింది, గుండెలో కొంచెం గుబులూ పుట్టింది. అప్పటికి నాకు ఇంకా అయిదేళ్ళ సర్వీసు ఉన్నది.

ఆ రోజుల్లో పెద్ద చిక్కు భాష. తెలుగులో ఒక ఫాంటులో కొట్టిన కాగితం ఇంకో కంప్యూటరులో తెరిస్తే చీమలు పాకినట్టు కనపడేది. అందుకని ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో కొట్టేవారు. ధవళేశ్వరాన్ని ఇంగ్లీషులో ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు. కంప్యూటరుకు అవి మూడు ఊళ్ళు. మనకు చెప్తే నవ్వుతాం, దానికి నవ్వు రాదు. యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణంలో తెలుగు అక్షరాలకు 1991లోనే నంబర్లు ఇచ్చినా, అది మన బల్ల మీదికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఉన్న తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన గోదావరి పాయ పేరే. అంటే అక్షరానికి కూడా ఒక మారని నంబరు కావలసి వచ్చిందన్నమాట.

తరవాత కథ వేగంగా నడిచింది. 2011లో మీసేవ. 2019 అక్టోబరు 2న మన జిల్లా కరపలోనే గ్రామ సచివాలయాల ప్రారంభం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కాకినాడ, కోనసీమ, ఏలూరు వేరు జిల్లాలయ్యాయి, రాజమండ్రి తూర్పు గోదావరికి కేంద్రమైంది, పశ్చిమ గోదావరి కేంద్రం భీమవరం అయింది. ఉన్న ఇల్లు ఉన్నచోటే ఉండగా చిరునామాలో జిల్లా గడి మారిపోయింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్ ద్వారా సేవలు మొదలుపెట్టింది. ఇప్పుడు సందేశం పంపితే అదే అర్జీ. మధ్యలో గుమాస్తా లేడు.

ఇక మన సంఘం సంగతికి వస్తాను. సభ్యులు ఫోనులో పంపే వివరాలు, చిరునామా మారిందనీ, ఆసుపత్రిలో ఉన్నాననీ, లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చేశాననీ, వీటన్నిటినీ నేను ఒక పొడుగు నోటుబుక్కులో రాస్తూ వచ్చాను. కిందటేడు చెయ్యి వణకడం ఎక్కువయింది. కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు చూసి, "తాతయ్యా, ఇది రాత్రికి రాత్రి దానంతట అదే అయ్యేటట్టు చేస్తాను" అన్నది. సభ్యులకు ఫోనులో నింపే ఫారం పంపింది. వచ్చిన జవాబులు గూగుల్ పట్టికలో చేరతాయి. దానికి వెనకాల ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. అది రోజూ రాత్రి తొమ్మిదింటికి లేచి, నిన్నటి తరవాత కొత్తగా ఏమేం వచ్చాయో చూసి, పాత సభ్యుడైతే వివరం మార్చి, కొత్తవారైతే వరుస చేర్చి, లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వనివారికి గుర్తు చేసే సందేశాల జాబితా తీస్తుంది. నేను పదింటికి పడుకునేలోపు పని అయిపోయేది. నాలుగు నెలలు హాయిగా నడిచింది.

అప్పుడు ఒక పాత సహోద్యోగి ఫోను చేశాడు. పెన్షను ఆగిపోయిందట. లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వలేదు. "అందరికీ గుర్తు చేశారుట, నాకు చెయ్యలేదేమయ్యా? నేను చచ్చాననుకున్నారా?" అన్నాడు. మందుల మీద బతుకుతున్న మనిషి. కోపం సహజం. నేను పట్టిక తెరిచాను. ఆయన పేరు ఉన్నది, సర్టిఫికెట్టు ఇచ్చినట్టు ఉన్నది. కాస్త కిందికి మీదికి చూసేసరికి నా ఒళ్ళు చల్లబడింది. అదే ఇంటిపేరు, అదే పేరు, ఒకే ఆఫీసులో చేసిన ఇంకొకాయన ఉన్నారు. ఆయన సర్టిఫికెట్టు ఇచ్చి ఫారం నింపారు. ప్రోగ్రాము పేరు, ఆఫీసు కలిశాయి గనుక ఒకే మనిషి అనుకుని ఇద్దరినీ ఒకటి చేసేసింది.

మనవరాలు చాలా బాధపడింది. నేను ఆ పిల్లను ఏమీ అనలేదు. పేరును బట్టి పోల్చు అని చెప్పింది నేనే. ఆ రాత్రి మొదటిసారి మా ఇంట్లో 1986 సంగతి చెప్పాను. ఆవిడ తరవాత ఏమైందని మనవరాలు అడిగింది. ఇల్లు కట్టుకుంది, నేను ఆ ఆఫీసు నుంచి బదిలీ అయ్యాను, మళ్ళీ చూడలేదు అన్నాను.

మరునాడు ఇద్దరం కూర్చుని పద్ధతి మార్చాం. ఇప్పుడు మనిషిని గుర్తుపట్టడం పేరుతో కాదు, పి.పి.ఓ. నంబరుతో. వచ్చిన జవాబులు ఉన్న మొదటి కాగితాన్ని ఎవరూ, ప్రోగ్రాము కూడా, తాకకూడదు. అది కరెంటు ఫైలు. సర్దిన జాబితా వేరే కాగితం. ప్రతి మార్పు ఏ రోజు ఏ గంటకు ఎందుకు జరిగిందో ఇంకొకచోట పడుతుంది. అది నోట్ ఫైలు. నంబరు తప్పుగా ఉన్నవి, రెండు వరుసలకు సరిపోయేవి, ఖాళీ గళ్ళు ఉన్నవి ప్రోగ్రాము సొంతంగా తేల్చకుండా ఒక మూల పెడుతుంది. పొద్దున్న కాఫీ తాగుతూ అవి నేను చూస్తాను. రోజుకు మూడో నాలుగో ఉంటాయి. అవసరమైతే ఫోను చేసి అడుగుతాను. ప్రోగ్రాము ఏదైనా కారణంగా రెండుసార్లు నడిచినా వరుస రెండుసార్లు పడకుండా చూడడానికి మనవరాలు చాలా కష్టపడింది. ఒకే అర్జీకి రెండు కరెంటు నంబర్లు పడితే ఆఫీసులో ఎంత గోల జరిగేదో తనకు చెప్పాను, వెంటనే అర్థం చేసుకున్నది. టాటెన్‌హామ్ దొర ఎవరు తాతయ్యా, ఏ కంపెనీ అని అడిగింది.

సహోద్యోగికి నిలిచిన పెన్షను తరవాతి నెలలో బకాయితో సహా వచ్చింది. ఆయన నాతో మాట్లాడడం మొదలుపెట్టడానికి ఇంకో నెల పట్టింది.

కనుక సభ్యులకు నా మనవి. ఫారం నింపేటప్పుడు పి.పి.ఓ. నంబరు పుస్తకం చూసి వేయండి, జ్ఞాపకం మీద వేయకండి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు మేము అడగం. ఎవరైనా సంఘం పేరు చెప్పి అడిగినా ఇవ్వవద్దు. కుటుంబ పెన్షను తీసుకుంటున్న సోదరీమణులు భర్త పేరు గడి ఖాళీగా వదలకండి, కీర్తిశేషులు అని రాసి ఆ పేరు వేయండి. ఆ గడి ఖాళీగా ఉంటే నాకు నిద్ర పట్టదు. ఫోను లేనివారు, కళ్ళు కనపడనివారు పోస్టు కార్డు రాయండి, లేదా మనుమల చేత ఉదయం తొమ్మిది లోపు మా ఇంటికి ఫోను చేయించండి. పొడుగు నోటుబుక్కు ఇంకా బల్ల మీదనే ఉన్నది, దానిలో ఎక్కించి నంబరు వెంటనే చెప్తాను.